ఐదో వాక్యం

"చెయ్యి వదులుగా పెట్టు బుల్లీ. అలా బిగబట్టకు."

వదిన రక్తపోటు చూసే పట్టీని పొద్దుటినుంచి మూడోసారి చుట్టింది. పట్టీ ఉబ్బింది, దిగింది. బుల్లి గోడకున్న మేకును చూస్తూ కూచుంది.

"నూట ఇరవై రెండు, ఎనభై," అంది వదిన. ఆ గొంతులో సంతోషం లేదు, అనుమానం ఉంది.

"బాగానే ఉందిగా వదినా."

"అదే నాకు మింగుడు పడటం లేదు. నిన్నా బాగుంది, మొన్నా బాగుంది. ఇంత బాగున్న మనిషిని పనికిరాదని వాళ్ళెందుకు అంటారు?"

పట్టీ విప్పిన చోట చర్మం మీద గళ్ళు పడ్డాయి. బుల్లి వాటిని వేలితో రుద్దుకుంది.

ఆ ఇంట్లో జబ్బు మనిషి అన్నయ్య. రెండు కిడ్నీలూ చెడిపోయి, వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో మిషను పక్కన నాలుగేసి గంటలు పడుకుని వస్తాడు. కానీ శుక్రవారం నుంచి కిటికీ పక్క మంచం బుల్లికి వచ్చింది. మెత్తటి దిండు బుల్లికి వచ్చింది. వంటింట్లోకి అడుగు పెడితే వదిన కసురుతోంది. బరువు ఎత్తబోతే మేనకోడలు లాక్కుంటోంది.

శుక్రవారం వచ్చిన ఫోనులో ఆసుపత్రి వాళ్ళు చెప్పింది ఒక్కటే ముక్క. చెల్లెలి కిడ్నీ అన్నకు పెట్టడం కుదరదు, వైద్యపరంగా ఆమె తగదు. ఎందుకు తగదో వదిన ఎన్ని రకాలుగా అడిగినా అవతలి గొంతు ఆ ముక్కనే తిప్పి తిప్పి చెప్పింది.

తగదు అంటే జబ్బుందనే కదా. గుండెదే అయ్యుంటుందని ఇంట్లో అందరూ అనుకున్నారు. బుల్లి ఒక్కతే అనుకోలేదు.

అన్నయ్య వాకిటి గదిలోంచి వచ్చాడు. ఆ గదిలోనే అతని పని, పుస్తకాలకు అట్టలు కట్టడం. ఇప్పుడు చూపు ఆనకపోయినా, వేళ్ళు వాచినా, రోజుకు రెండు మూడు పుస్తకాలు కుడుతూనే ఉంటాడు.

"రేపు పదింటికి గుండె డాక్టరు," అన్నాడు. "చెప్పి పెట్టాను. బుల్లీ, నువ్వు సెలవు పెట్టు."

వదిన పట్టీ చుట్టడం ఆపింది. "రేపు పదింటికి మీ మిషను."

"మిషను ఎక్కడికీ పోదు."

"మీరు పోతారు."

ఆ మాట వదిన అనాలని అనలేదు. అన్నాక చెంగుతో మూతి తుడుచుకుంది, మాటను కూడా తుడిచేద్దామన్నట్టు.

అన్నయ్య కుర్చీ లాక్కుని కూచున్నాడు. "ఒక్క రోజేగా."

"పోయిన వానల్లోనూ ఒక్క రోజే అన్నారు. కాళ్ళు ఎలా పొంగాయో మర్చిపోయారా? ఊపిరి అందక పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ కుర్చీలోనే ముందుకు వంగి కూచున్నారు. నేను వీపు రాస్తూ నిలబడ్డాను. నాకు గుర్తుంది."

"నాకు మందులున్నాయి, మిషనుంది, డాక్టర్లున్నారు. దానికేముంది? ఏం జబ్బో కూడా తెలీదు."

"అయితే ఎల్లుండి తీసుకెళ్ళండి."

"ఎల్లుండి ఆయన ఊళ్ళో ఉండడు. మళ్ళీ పద్దెనిమిది రోజులకి వస్తాడట. పద్దెనిమిది రోజులు నేను దాని ముఖం చూస్తూ కూచోవాలా?"

"నాకేం లేదన్నయ్యా," అంది బుల్లి.

"నీకు తెలుస్తుందేంటి? నాకు తెలిసిందా? రెండేళ్ళ కింద నేను రాళ్ళు తిని అరిగించుకునేవాణ్ణి." అన్నయ్య ఆమెవైపు తిరిగాడు. "రాత్రి నిద్ర పడుతోందా?"

"పడుతోంది."

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

"రావట్లేదు."

"చిన్నప్పటినుంచీ ఇంతే. ముల్లు గుచ్చుకుంటే చీము పట్టేదాకా చెప్పేది కాదు." ఈ మాట వదినతో అన్నాడు. "పదేళ్ళ పిల్లప్పుడు జ్వరంతో బడికెళ్ళి అక్కడే పడిపోయింది. భుజాన వేసుకుని తీసుకొచ్చాను. అప్పుడు కూడా ఏం లేదనే అంది."

బుల్లి లేచింది. "పనికి ఆలస్యమవుతోంది."

"ఇలాంటి ఒంటితో పనేంటే?" అంది వదిన.

ఆ మాట భరించడం బుల్లికి తిట్టు భరించడం కన్నా కష్టమైంది. చెప్పులు తొడుక్కుని, సంచి భుజాన వేసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వీధిలోకి వచ్చేసింది.

*

పెద్ద హోటలు వెనకవైపు, మెట్లు దిగితే వచ్చే పొడుగాటి గదిలో బుల్లి పని. దుప్పట్లు, దిండు గలేబులు, తువాళ్ళు ఉతికి వస్తాయి. ఇస్త్రీ చేసి, మడతపెట్టి, పైకి పంపాలి. గదిలో ఎప్పుడూ ఆవిరి. పన్నెండు మంది ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరికి సగం సగం కనిపిస్తూ పనిచేస్తారు.

దుప్పట్లను రెండు వేడి దొర్లుడు గొట్టాల మధ్యకు తోసే మిషను దగ్గర ఉండే ఆమెను అందరూ ఆవిరక్క అంటారు. బుల్లి ఆమెకు ఎదురుగా నిలబడి, అవతలికి వచ్చిన దుప్పటి కొసలు పట్టుకుంటుంది.

"చెప్పావా?" అంది ఆవిరక్క.

"లేదు."

"ఇవాళ కూడా లేదా?"

"రేపు మిషను మానేసి నన్ను గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడట."

ఆవిరక్క తోస్తున్న దుప్పటి ఆపింది. మిషను గీపెట్టింది. మళ్ళీ తోసింది.

"ఆ డాక్టరు ఏం చూస్తాడే నీ గుండెలో? పిరికితనం ఫొటోలో పడుతుందా?"

పక్కన గలేబులు మడతపెడుతున్న పిల్ల కిసుక్కుమంది. ఆవిరక్క కళ్ళెర్రజేసేసరికి గలేబు అడ్డం పెట్టుకుంది.

"నిన్ను ఎగతాళి చెయ్యట్లేదు," అంది ఆవిరక్క, గొంతు దించి. "కానీ ఆ మనిషికి ఒక్కో రోజూ లెక్కే. నీ అబద్ధం ఆయన రోజు తినేస్తుంది."

"నేను అబద్ధం చెప్పలేదక్కా. ఆ మాట అంది వాళ్ళు."

"నువ్వు వింటూ ఊరుకున్నావ్."

దుప్పటి కొసలు కలిపి, ఇద్దరూ ఒకరి దగ్గరికి ఒకరు నడిచారు. మడత ఆవిరక్క చేతికి ఇచ్చి బుల్లి వెనక్కి నడిచింది.

ఈ మాటంతా మొదలైంది ఈ గదిలోనే.

హోటలు వాళ్ళు మంగళవారం, శుక్రవారం పని అయ్యాక అరగంట ఇంగ్లీషు నేర్పిస్తారు. పైన కౌంటరు దగ్గర పనిచేసి మానేసిన ఒక మేడం వస్తుంది. ఆమెది ఒక పద్ధతి. ఒక్కో పాఠానికి ఐదు వాక్యాలు బోర్డు మీద రాస్తుంది. ప్రతి మనిషీ ఆ వాక్యాన్ని తన బతుకులో నిజమైన దానికి తగిలించి చెప్పాలి. అబద్ధపు వాక్యం చెబితే ఒప్పుకోదు. "నిజం తగిలిస్తేనే మాట నాలిక మీద నిలుస్తుంది," అంటుంది.

ఆకలి, దారి, వాతావరణం, క్షమాపణ అయ్యాక ఆరు వారాల కింద భయం పాఠం వచ్చింది. ఏదైనా ఒక గండం దాటాల్సి వచ్చినప్పుడు, దాటలేనేమో అనిపించినప్పుడు ఏమనాలి?

మేడం రాసింది. ఐ యామ్ డ్రెడింగ్ ఇట్. ఆ రోజు రాకుండా ఉంటే బాగుణ్ణని అర్థం అంది. ఐ హావ్ బటర్‌ఫ్లైస్ ఇన్ మై స్టమక్. కడుపులో సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయి.

"సీతాకోకచిలుకలైతే భయమెందుకు మేడం, అందంగా ఉంటాయిగా?" అంది ఆవిరక్క. "మాకు గుండెల్లో రైళ్ళు పరిగెడతాయి. మా రైలుకి వాళ్ళ చిలుకలు ఒక లెక్కా?"

మూడోది ఐ హావ్ కోల్డ్ ఫీట్. పాదాలు చల్లబడటం. తీరా సమయం వచ్చాక వెనకాడటం.

"మేజోళ్ళు వేసుకుంటే సరి," అన్నారెవరో. గది గొల్లుమంది.

నాలుగోది ఐ యామ్ హావింగ్ సెకండ్ థాట్స్. ఒకసారి సరేనన్నాక మళ్ళీ ఆలోచనలో పడటం. ఐదోది అన్నిటికన్నా పొడుగు. ఐ డోంట్ థింక్ ఐ కెన్ గో త్రూ విత్ ఇట్. ఇది నావల్ల కాదేమో.

ఒకామె పన్ను పీకించుకోవడం అంది. ఒకామె కూతురి కాన్పు అంది. బుల్లి వంతు వచ్చింది. నవ్వుతూనే లేచి నిలబడింది.

"ఐ యామ్ డ్రెడింగ్ ది ఆపరేషన్," అంది.

ఎవరూ నవ్వలేదు. ఆ ఆపరేషను సంగతి గదిలో అందరికీ తెలుసు. ఆమె అన్నకు కిడ్నీ ఇస్తోందని హోటలు మేనేజరు కూడా పిలిచి మెచ్చుకున్నాడు.

ఆ మాట బుల్లి అంతకుముందు ఎవరితోనూ అనలేదు, తనతో కూడా అనుకోలేదు. అద్దెకు తెచ్చుకున్న చీరలా ఉంది ఆ మాట. తనది కాదు కాబట్టి కట్టుకోవడానికి సిగ్గనిపించలేదు. ఇంటికి వెళ్ళేదాకా బస్సులో ఐదు వాక్యాలూ పెదాల మీద తిప్పుకుంది. ఐదూ తనకు కొలిచి కుట్టినట్టు సరిపోయాయి.

*

ఆసుపత్రిలో ఒక ఆనవాయితీ ఉంది. అవయవం ఇచ్చేవాళ్ళను ఒంటరిగా ఒక గదిలో కూచోబెట్టి మాట్లాడతారు. ఇంట్లోవాళ్ళెవరూ పక్కన ఉండకూడదు.

ఆ గదికి వెళ్ళేముందు వదిన బుల్లికి పాఠం చెప్పింది. వదిన బడి ఆఫీసులో పనిచేస్తుంది. ప్రశ్న ఏది వస్తుందో, జవాబు ఏం చెప్పాలో ఒక కాగితం మీద రాసి బట్టీ పట్టించింది. ఎవరైనా బలవంతం చేశారా? లేదు. సంతోషంగా ఇస్తున్నావా? సంతోషంగా ఇస్తున్నాను. వదిన తన కిడ్నీ ఇస్తానని మొదట తానే వెళ్ళింది. రక్తం కలవలేదని తిప్పి పంపారు. ఆ రోజే వదిన వచ్చి బుల్లి కాళ్ళు పట్టుకుంది.

గదిలో ఉన్నది జుట్టు నెరిసిన ఒక పెద్ద డాక్టరమ్మ. ఆమెకు వీళ్ళ భాష రాదు. మాట అటూ ఇటూ చెప్పడానికి ఒక నర్సును పిలవబోయింది. ఆ నర్సు వీళ్ళ భాష మనిషే.

"నర్సు అక్కర్లేదు. నాకు ఇంగ్లీషు వచ్చు," అంది బుల్లి.

అది గొప్పకు అనలేదు. తన భాష తెలిసిన చెవి ఆ గదిలో ఉండకూడదనిపించింది, అంతే.

బట్టీ పట్టిన జవాబులన్నీ చెప్పింది. డాక్టరమ్మ తలూపుతూ రాసుకుంది. తరువాత కలం మూసి పక్కన పెట్టింది.

ఆపరేషను రోజు గురించి తలుచుకుంటే నీకు ఎలా ఉంటుంది? అని అడిగింది. ఇది వదిన కాగితంలో లేదు.

బుల్లి మేడం ముందు నిలబడినట్టే లేచి నిలబడింది. ఐదు వాక్యాలూ వరసగా చెప్పేసింది. నాలుగోది అయ్యాక కుర్చీ వీపు పట్టుకుంది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. ఐదోది కూడా చెప్పింది.

డాక్టరమ్మ నెమ్మదిగా, చిన్న చిన్న మాటలతో చెప్పింది. నీ కారణం నీది. ఎవరికీ చెప్పం. ఇంటికి మేం చెప్పేది ఒకటే, వైద్యపరంగా కుదరలేదని. నువ్వు మళ్ళీ రావాలనుకుంటే ఈ తలుపు తెరిచే ఉంటుంది.

ఆ రోజు తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బుల్లి తల ఆనించి నిద్రపోయింది. దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు పోయింది. నెలన్నరగా లేని నిద్ర అది. అన్న ప్రాణం మీదికి తెచ్చి తాను అంత హాయిగా ఎలా నిద్రపోయిందో, ఆ ఒక్క సంగతి ఆవిరక్కకు కూడా చెప్పలేదు.

*

మధ్యాహ్నం సెలవడిగి బయటపడింది. వదిన బడి నుంచి వచ్చేలోపు అన్నయ్యతో ఒంటరిగా మాట్లాడాలని. దారి పొడుగునా మొదటి మాట వెతుక్కుంది. ఇంగ్లీషువి ఐదూ వచ్చి వరసగా నిలబడ్డాయి. వాటిలో ఒక్కటీ అన్నయ్యకు అక్కరకొచ్చేది కాదు. తన భాషలో వెతికితే, దొరికిన ప్రతి మాటా చేదుగా ఉంది.

ఇంటి మెట్ల మీద మేనకోడలు కూచుని ఉంది. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆ పిల్లది. ఇరవై మూడేళ్ళు. ఆ వేళకు ఇంట్లో ఉండాల్సిన మనిషి కాదు.

"అత్తా, ఇలా రా. లోపలికి వెళ్ళకు. నాన్న పనిలో ఉన్నాడు."

"నువ్వేంటి ఇక్కడ?"

పిల్ల సంచిలోంచి కాగితాలు తీసింది. ఆసుపత్రి కాగితాలు. బుల్లి వాటిని వెంటనే గుర్తుపట్టింది. అలాంటివే తనూ నింపింది.

"నా రక్తం నాన్నకి కలిసింది," అంది పిల్ల. "శనివారం ఇచ్చొచ్చాను. ఇవాళ చెప్పారు. అమ్మకి చెప్పకు, గోల చేస్తుంది. అన్నీ అయ్యాక చెబుదాం."

బుల్లి మెట్టు మీద కూచుండిపోయింది.

"ఏంటత్తా అలా ఐపోయావ్? గుండెలో ఏమైనా..."

"ఏం లేదు. నీకు భయం లేదూ?"

"భయమెందుకు? ఒకటి తీసేస్తే ఇంకోటి ఉంటుందిగా. కళ్ళద్దాలకైతే రెండూ కావాలి." నవ్వింది. నవ్వు చివరిదాకా రాలేదు. "శుక్రవారం నన్ను ఒక్కదాన్నే గదిలో కూచోబెడతారట. నీకు తెలుసుగా. ఏమడుగుతారు?"

"బలవంతం చేశారా అని అడుగుతారు."

"తర్వాత?"

"ఎలా ఉంది అని అడుగుతారు." బుల్లి పిల్ల చెయ్యి పట్టుకుంది. అద్దాల పొడి అంటిన వేళ్ళు. చల్లగా ఉన్నాయి. "చూడమ్మా. నీకు లోపల భయంగా ఉంటే ఉందని చెప్పొచ్చు. చెబితే వాళ్ళు కోప్పడరు. బయటికి పొక్కనివ్వరు. ఆపేస్తారు."

"ఆపేసి?"

"ఆపేస్తారు, అంతే."

"అదికాదత్తా. ఆపేస్తే ఇంట్లో ఎందుకని అడుగుతారుగా. అప్పుడు ఇంట్లోవాళ్ళకి ఏమని చెబుతారు?"

బుల్లి పిల్ల వేళ్ళ మీది అద్దాల పొడి తుడవసాగింది.

పిల్ల చేయి వెనక్కి తీసుకుంది. అద్దాన్ని వెలుతురుకు పట్టి గీత వెతికినట్టు అత్త ముఖాన్ని చూసింది.

"పరీక్షలు కుదరలేదని చెబుతారు," అంది. "వైద్యపరంగా తగదు అని చెబుతారు. అంతేనా?"

వీధిలో ఎవరో సైకిలు దిగి, గొలుసు ఎక్కించుకుని మళ్ళీ ఎక్కారు.

"నాన్న నాలుగు రోజులుగా పక్క మీద దొర్లుతున్నాడు. నీ గుండె గురించి."

"తెలుసు."

"అమ్మ రోజుకి మూడుసార్లు ఆ పట్టీ చుడుతోంది."

"తెలుసే."

"తెలిసి చుట్టించుకున్నావా?" గొంతు పెరిగింది. పిల్ల తనే దించుకుంది. "ఇవ్వనంటే ఇవ్వనని చెప్పొచ్చుగా అత్తా. నిన్ను ఎవరు కొడతారు?"

"కొట్టరు. అందుకే చెప్పలేకపోయాను."

ఆ మాట పిల్లకు అర్థమైందో లేదో. లేచి నిలబడింది. "రేపు నాన్న మిషను మానడానికి వీల్లేదు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

*

అన్నయ్య పీట మీద కూచుని కుట్టిన పుస్తకం వెన్నుకు జిగురు రాస్తున్నాడు. చేతులు మణికట్టు దాకా జిగురు. పక్కన చెక్కల మధ్య బిగించిన మరో రెండు పుస్తకాలు ఆరుతున్నాయి.

"ఇద్దరూ ఒకేసారి వచ్చారేంటి?" అన్నాడు తలెత్తకుండా.

బుల్లి నిలబడే చెప్పింది.

"అన్నయ్యా, నాకు జబ్బేం లేదు. నాకు భయమేసింది. ఆ గదిలో అడిగితే నావల్ల కాదని చెప్పాను. అందుకే వాళ్ళు అలా చెప్పారు. రేపు గుండె డాక్టరు వద్దు. నువ్వు మిషనుకి వెళ్ళు."

నాలుగు నెలలైనా పడుతుందనుకున్న మాట నాలుగు గుక్కల్లో అయిపోయింది.

అన్నయ్య కుంచె ఆపలేదు. వెన్ను చివరిదాకా రాసి, గిన్నె అంచున కుంచెను ఒత్తి, అప్పుడు పక్కన పెట్టాడు.

"ఎలా చెప్పావ్? ఇంగ్లీషులోనా?"

"ఊఁ."

"నర్సు లేదా?"

"వద్దన్నాను."

"నాకు నర్సుని పెట్టారు," అన్నాడు అన్నయ్య.

బుల్లికి ఒక క్షణం అర్థం కాలేదు.

"నీకంటే ముందు వారం నన్నూ కూచోబెట్టారు. పుచ్చుకునేవాణ్ణి కూడా అడుగుతారట. నాకు ఇంగ్లీషు ఎక్కడిది? మన భాషలోనే చెప్పాను. చాలాసేపు చెప్పాను. చెమటలు కారాయి. ఆ నర్సు అదంతా విని డాక్టరమ్మకి నాలుగు ముక్కల్లో చెప్పేసింది. ఇంతేనా అనిపించింది. నా భయమంతా కలిపితే ఇంగ్లీషులో ఇంతేనా అని."

"ఏం చెప్పావ్ నాన్నా?" అంది పిల్ల.

"ఆపరేషను బల్ల ఎక్కనన్నాను."

గుమ్మం దగ్గర చెప్పు చప్పుడైంది. వదిన బడి నుంచి వచ్చింది. సంచి భుజాన ఉంది. వంగి చెప్పులు విడుస్తున్నదల్లా ఆగిపోయింది.

అన్నయ్యకు గుమ్మం వెనకవైపు. చూడలేదు. చెప్పుకుపోయాడు.

"బుల్లి మీద జాలితో వద్దనలేదు. అంత గొప్పవాణ్ణేం కాదు. మత్తిచ్చాక మళ్ళీ లేవనేమోనని. మిషను పక్కనైతే కళ్ళు తెరుచుకునే ఉంటాను. తలుపు కనిపిస్తుంది, మనుషులు కనిపిస్తారు. ఇంట్లో చెప్పలేను, మీరే ఏదో ఒకటి చెప్పి ఆపండి అన్నాను. ఆలోచించుకోవయ్యా అన్నారు. తర్వాత శుక్రవారం ఫోను వచ్చింది."

"మరి గుండె డాక్టరెందుకన్నయ్యా?"

"నా కోసం చెప్పిన అబద్ధమో, నీకు నిజంగానే జబ్బో నాకెలా తెలుస్తుందే? ఎవర్ని అడగను? అడిగితే నా సంగతి బయటపడుతుంది. నీకేం లేదని ఇంకో డాక్టరు చెబితే చాలనుకున్నాను."

బుల్లికి నవ్వు రాబోయింది, ఏడుపు రాబోయింది. ఫోను వచ్చింది ఎవరి మాటకు? తనదా, అతనిదా? ఇక ఎవరికీ తెలియదు.

"మీరా?" అంది వదిన గుమ్మంలోంచి.

అన్నయ్య ఉలిక్కిపడి తిరిగాడు.

"నెలా పది రోజులు నేను దీన్ని బతిమాలాను. కాళ్ళు పట్టుకున్నాను. కాగితం రాసి బట్టీ పట్టించాను. మీ కోసం. మీరేమో ఆ గదిలో..." ఊపిరి తీసుకుంది. "బతకాలని మీకు లేనప్పుడు మేమంతా ఎవరి కోసం ఈ పాట్లు?"

"లేదని అనలేదే."

"మరేమన్నారు?"

పిల్ల ముందుకు వచ్చింది. చేతిలోని కాగితాలు జిగురు లేని చోటు చూసి బల్ల మీద పరిచింది.

"అయిపోయిందేదో అయిపోయింది. నాన్నా, ఇది చూడు. నా రక్తం కలిసింది. నేను ఇస్తాను. అత్తని ఎవరూ ఏమీ అనకండి. ఈ పేజీలో నా సంతకం పెట్టేశాను. దీని కింద పుచ్చుకునేవాళ్ళ సంతకం. ఎక్కుతానంటేనే పెట్టు."

బుల్లి వదిన ముఖం చూసింది.

తన కిడ్నీ ఇస్తానని వదిన నిబ్బరంగా వెళ్ళింది. బుల్లి కిడ్నీ అడగడానికి నిబ్బరంగా వచ్చింది. ఇప్పుడు ఆ ముఖంలోంచి రక్తం దిగిపోతోంది. కళ్ళు కాగితం మీది కూతురి సంతకం దగ్గర ఆగి కదలడం లేదు. ఆ చూపు బుల్లికి బాగా తెలుసు. నెలన్నరగా అద్దంలో చూసుకుంటున్న చూపే.

అన్నయ్య పాత గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడిచాడు. గోళ్ళ సందులు తుడిచాడు. శుభ్రమయ్యాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. చివరికి పిల్ల చేతిలోంచి కలం తీసుకున్నాడు.

"ఎక్కుతాను," అన్నాడు. గొంతు అతనిది కానట్టుంది. "ఈసారి నేను లోపల ఏమీ చెప్పను. ఇక్కడే చెబుతాను, అందరి ముందూ." కలం కాగితానికి ఆనించి, తల తిప్పి భార్యవైపు చూశాడు. "కానీ నువ్వు పెట్టమంటేనే పెడతాను."

"చెప్పమ్మా," అంది పిల్ల. "పెట్టమని చెప్పు."

ముగ్గురూ వదినవైపే చూస్తున్నారు. అందరి జవాబులూ రాసిపెట్టిన మనిషి.

వదిన నోరు తెరిచింది. మాట రాలేదు. ఆమె లోపలికీ రాలేదు, వెనక్కీ పోలేదు. గడప మీదే నిలబడిపోయింది, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా.